గాడిదా, ఏడు గొడుగులూ

"అత్తా, వచ్చే ఆదివారం మధ్యాహ్నం మీరంతా మా ఇంటికి రావాలి," అంది పిచ్చుక ఫోన్లో. "ఎనిమిదో నెల వచ్చేసిందిగా, పదిమందిమీ కూచుని కబుర్లు చెప్పుకుందామని. బట్టలూ బొమ్మలూ తెచ్చారో, గుమ్మంలోంచే తిప్పి పంపించేస్తా. తలా ఒక పిల్లల పుస్తకం తెండి, చాలు. మీ చిన్నప్పుడు మీకు బాగా నచ్చిన పుస్తకం."

"మా చిన్నప్పుడు ఇంట్లో ఉన్న పుస్తకం క్యాలెండరు ఒక్కటేనే. అందులో నాకు నచ్చింది ఆదివారం," అంది అత్త.

పిచ్చుక పకపకా నవ్వి ఫోన్ పెట్టేసింది. అత్తకి అన్నయ్య కూతురు. తిండి పిడికెడు, మాటలు పుట్టెడు కాబట్టి చిన్నప్పుడే ఆ పేరు పడింది. ముప్పై ఏళ్ళు దాటినా, కడుపుతో ఉన్నా, ఇంట్లోవాళ్ళకి ఇంకా పిచ్చుకే. అత్తకి పేరు పెట్టింది మాత్రం పిచ్చుకే. ఊళ్ళోని పెద్ద హోటల్లో, వెనకవైపు ఇస్త్రీ గదిలో అత్త ముప్పై ఏళ్ళు పనిచేసి మొన్నమొన్ననే మానేసింది. ఎప్పుడు దగ్గరికి తీసుకున్నా వేడి గుడ్డ వాసన వచ్చేదని, రెండేళ్ళ వయసులోనే "ఇస్త్రీ అత్తా" అని పిలవడం మొదలుపెట్టింది. అదే స్థిరపడిపోయింది.

మర్నాడు అత్త, వదిన కలిసి పుస్తకాల షాపుకి వెళ్ళారు. వదిన అంటే పిచ్చుక తల్లి. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. ఆ గొంతుకి ఇప్పటికీ ఆటోవాళ్ళు కూడా మర్యాదగా జవాబు చెబుతారు. తనకంటే ఆరేళ్ళు చిన్నదైన ఆడపడుచుని, కాపురానికొచ్చిన రోజున పిలిచినట్టే, ఈనాటికీ "పిల్లా" అనే పిలుస్తుంది. ఆ పిల్లకి యాభై నాలుగేళ్ళు.

పిల్లల పుస్తకాలన్నీ షాపు చివర, మోకాలెత్తు అరల్లో ఉన్నాయి. ఇద్దరికీ వంగడం కష్టమై, అక్కడున్న బుల్లి స్టూళ్ళ మీద కూలబడ్డారు. షాపులో పనిచేసే అమ్మాయి దగ్గరికొచ్చింది.

"ఎన్నేళ్ళ పాపకండీ?"

"ఇంకా పుట్టలేదమ్మా," అంది వదిన.

ఆ అమ్మాయి తొణకలేదు. గుడ్డతో కుట్టిన పుస్తకాలు, నీళ్ళలో వేసినా పాడవనివి, నొక్కితే కోడి కూసేవి, అట్టల పుస్తకాలు, అన్నీ తెచ్చి ముందు గుట్టపోసింది. వదిన ప్రతి పుస్తకం అంచునీ చెంపకి రాసుకుని చూస్తోంది, పసిబిడ్డకి గీసుకుంటుందేమోనని. అత్త మాత్రం కూసే కోడిని నాలుగుసార్లు కూయించి, షాపువాళ్ళు చూస్తున్నారని మానేసింది.

ఆ గుట్టలో అడుగునుంచి ఒక అట్ట కనిపించింది. గొడుగు పట్టుకున్న ఒక గాడిద.

అత్త చేయి ఆగిపోయింది. "వదినా," అంది.

వదిన తొంగి చూసి, కళ్ళజోడు సవరించుకుని, మళ్ళీ చూసింది. "ఓసి నీ దుంపతెగ! ఇది మన గాడిదే కదే!"

అది మొదట వాళ్ళ చేతికొచ్చి ఇరవై తొమ్మిదేళ్ళు. పిచ్చుకకి ఏడాదిన్నర ఉండగా వదినకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. దూరంగా కొండమీద ఉన్న ఆసుపత్రిలో ఉంచాలన్నారు, పసిపిల్లని అక్కడికి తీసుకురావద్దన్నారు. నెలలో నయమవుతుందనుకున్నది రెండేళ్ళు పట్టింది. అన్నయ్య ఉద్యోగం బస్సు మీద, మూడు రోజులు ఊళ్ళో ఉంటే నాలుగు రోజులు రోడ్డు మీద. పిల్ల భారమంతా అత్త మీదే పడింది. పొద్దున పనికి వెళ్తూ పక్కింట్లో వదిలేది, మధ్యాహ్నం మూడింటికి తెచ్చుకునేది.

ఆ రోజుల్లోనే, హోటల్ గదిలో ఎవరో విదేశీయులు మర్చిపోయిన బొమ్మల పుస్తకం ఒకటి దుప్పట్లలో చుట్టుకుని ఇస్త్రీ గదికొచ్చింది. ఆర్నెల్లు చూశారు, ఎవరూ అడగలేదు. "ఇంట్లో పసిపిల్ల ఉందిగా, తీసుకెళ్ళు," అన్నాడు సూపర్‌వైజర్. ఏ భాషో తెలియదు. ఒక్క అక్షరం గుర్తుపడితే ఒట్టు. బొమ్మలు మాత్రం చక్కగా ఉన్నాయి. పేజీకో గొడుగు, ఒక్కో గొడుగుదీ ఒక్కో రంగు, అన్నిటికిందా అదే గాడిద.

"అమ్మేదీ?" అని పిచ్చుక రోజూ అడిగే కాలం అది. అత్తకి ఏం చెప్పాలో తోచక, ఆ పుస్తకం తెరిచి నోటికొచ్చింది చెప్పింది. ఈ బుజ్జి గాడిద వాళ్ళమ్మ దూరంగా ఎక్కడో ఉంది. వానలో ఎర్ర గొడుగు వేసుకుని వెతకడానికి బయల్దేరింది. రొట్టెలవాడిని అడిగింది: మా అమ్మని చూశావా? చూడలేదు గానీ నీ గొడుగు తడిసిపోయింది, ఈ పొడి గొడుగు తీసుకో అన్నాడు రొట్టెలవాడు. అది పసుపుది. వంతెన దగ్గర ఇంకొకరు నీలం గొడుగిచ్చారు. అలా ఏడు ఊళ్ళూ, ఏడు గొడుగులూ. ఆఖరి పేజీలో ఒక ఇంటి కిటికీలో పెద్ద గాడిద నిలబడి ఉంటుంది. "నేను ఇక్కడినుంచి రోజూ నీ దారే చూస్తున్నా," అంటుంది పెద్ద గాడిద.

ఏడాదిన్నరపాటు, రోజుకి రెండుసార్లు తక్కువ కాకుండా నడిచింది ఆ కథ.

వదిన కోలుకుని ఇంటికొచ్చేసరికి పిచ్చుక కన్నతల్లిని గుర్తుపట్టలేదు. చెయ్యి చాస్తే అత్త కాళ్ళ వెనక దాక్కుంది. పదిరోజులైనా అదే వరస. పాపం వదిన, ఎలాగైనా మచ్చిక చేసుకుందామని ఆ పుస్తకం తీసి తనకు తోచిన కథేదో చెప్పబోయింది. "ఇది కాదు, ఇది కాదు," అని పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

అప్పుడు అత్త చేసిన పని ఆ ఇంట్లో మూడోమనిషికి తెలియదు. పిల్ల పడుకున్న రెండు మధ్యాహ్నాలు వంటింట్లో వదినని కూచోబెట్టి ఆ కథంతా నేర్పించింది. రొట్టెలవాడు ఏ గొంతుతో మాట్లాడాలో, వంతెన దగ్గర ఎక్కడ ఆగి పిల్ల ముఖంలోకి చూడాలో, అన్నీ. వదిన పరీక్షకి చదివినట్టు వల్లె వేసింది.

మూడోరోజు మధ్యాహ్నం వదిన కథ మొదలుపెట్టింది. పిల్ల ముందు దూరంగా నిలబడింది, నీలం గొడుగు దగ్గరికొచ్చేసరికి పక్కకొచ్చింది. ఆఖరి పేజీ తిప్పాక కిటికీలో గాడిదనీ, తల్లి ముఖాన్నీ మార్చి మార్చి చూసి అడిగింది:

"నువ్వేనా పెద్ద గాడిదవి?"

"అవునమ్మా. నేనే."

పిచ్చుక వెళ్ళి ఒళ్ళో కూచుంది. "ఇన్నేళ్ళ కాపురంలో నేను అనలేకపోయిన మాట, మూడున్నరేళ్ళ పిల్ల మొహంమీదే అనేసింది," అని అన్నయ్య తర్వాత ఎన్నాళ్ళో చెప్పుకు నవ్వాడు. ఆ వారంలోనే అత్త, పొద్దున షిఫ్టుకి దగ్గరవుతుందని చెప్పి, హోటల్ క్వార్టర్స్‌కి మారిపోయింది. పుస్తకం కూడా ఆ తర్వాత ఇల్లు మారడంలో ఎక్కడో పోయింది.

ఇప్పుడు దాన్నే మన భాషలో ఎవరో వేశారు. అత్త అట్ట తెరిచి చదివింది. "ఎర్ర గొడుగు." పేజీ తిప్పింది. "పసుపు గొడుగు." ఇంకో పేజీ. "నీలం గొడుగు." గబగబా చివరిదాకా తిప్పేసింది. కిటికీలో పెద్ద గాడిద కింద కూడా "తెల్ల గొడుగు" అనే ఉంది.

"అంతేనా?" అంది వదిన.

"అంతే. రంగుల పుస్తకం."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు వదినకి నవ్వొచ్చింది, తర్వాత అత్తకి. బుల్లి స్టూళ్ళ మీద ఊగిపోతూ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. షాపు అమ్మాయి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

నవ్వు తగ్గాక వదిన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తకుండానే అంది.

"పిల్లా, ఆ రోజు నువ్వు క్వార్టర్స్‌కి వెళ్ళిపోతానన్నప్పుడు నేను వద్దనలేదు. ఒక్క మాటైనా అనలేదు. గుర్తుందా?"

"ఇప్పుడెందుకు వదినా అవన్నీ."

"వద్దంటే నువ్వు ఉండిపోతావని తెలుసు. నువ్వుంటే అది మళ్ళీ నీ వెనకే తిరుగుతుందని భయం. పెట్టె సర్దుకుంటున్నప్పుడు నీ కళ్ళు చూశాను. చూసి కూడా గుమ్మం పక్కకి తప్పుకున్నాను."

అత్త నీళ్ళ గ్లాసు అంచు తుడిచింది.

"నాకు తెలుసులే. నీ స్థానంలో నేనున్నా తప్పుకునేదాన్నే," అంది. గ్లాసు పక్కన పెట్టి, "కానీ ఏడుపొచ్చింది వదినా. వారంపాటు హోటల్ దుప్పట్లన్నీ నేను నీళ్ళు చల్లకుండానే ఇస్త్రీ చేశాను," అంది.

వదిన ఆమె చేతిమీద చెయ్యి వేసింది. ఇంకేం పుస్తకాలు చూడలేదు.

ఆదివారం పిచ్చుక ఇల్లంతా జనమే. ఒక్కో పొట్లం విప్పుతూ, ఇచ్చినవాళ్ళ చేత ఆ పుస్తకం కబుర్లు చెప్పిస్తోంది. గాడిద బయటపడగానే కెవ్వుమంది.

"ఇది అమ్మ కథ! నా చిన్నప్పుడు అమ్మ ఆసుపత్రినుంచి వచ్చి చెప్పింది. అసలు మా అమ్మ ముఖం నాకు మొట్టమొదట గుర్తున్నది ఈ కథ చెబుతుంటేనే!"

అత్త గుండెలో చిన్న ముల్లు గుచ్చుకుంది. ఆ వెంటనే, ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టూ అయింది. నేర్పింది ఇందుకే కదా. వదిన నోరు తెరవబోతుంటే మోచేత్తో పొడిచింది. వదిన లెక్కచెయ్యలేదు. ఎక్స్చేంజి గొంతుతో, గదిలో చివరి మనిషికి కూడా వినబడేలా చెప్పింది:

"నా కథ కాదే. మీ అత్తది. నువ్వు నా దగ్గరికి రావడంలేదని, రెండు మధ్యాహ్నాలు నాకు పాఠం చెప్పి, నిన్ను నా ఒళ్ళో పెట్టి తను వెళ్ళిపోయింది."

పిచ్చుక మిగతా పొట్లాలు పక్కకి జరిపింది. పొట్ట పట్టుకుని మెల్లగా లేచి, వచ్చి అత్త పక్కన సోఫాలో ఇరుక్కుని కూచుంది. పుస్తకం అత్త ఒళ్ళో పెట్టి, "మళ్ళీ చెప్పవూ," అంది.

అత్త చెప్పింది. తర్వాతి వారం పిచ్చుక పెన్సిల్ చేతికిస్తే, ప్రతి పేజీలోనూ అచ్చుమాట కింద తన కథ రాసింది కూడా. ఆకుపచ్చ గొడుగు దగ్గర పేచీ వచ్చింది. ఇచ్చింది పడవవాడని అత్త, కాదు గడియారాలు బాగుచేసేవాడని వదిన. "నేర్పిన నాకంటే నీకెక్కువ తెలుసా?" "వల్లె వేసింది నేను!" పిచ్చుక విసుగెత్తి పడవవాడినీ, గడియారాలవాడినీ ఇద్దరినీ రాయించింది.

నెల తిరక్కుండానే ఆడపిల్ల పుట్టింది. మూడోనెలలో ఒక మధ్యాహ్నం అత్త ఆ పసిగుడ్డుని ఒళ్ళో వేసుకుని మొదటి పేజీ తెరిచింది. పిల్ల రెండో గొడుగుకే నిద్రపోయింది. అయినా అత్త ఆపలేదు. ఎదురుగా మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతూ వదిన వింటోంది. అత్త గొంతు కాస్త తగ్గించి, చివరి పేజీదాకా మొత్తం కథ చెప్పింది.