హీరోకు పెట్టిన గొంతు

కరెంటు పోతే బాగుండు, ఇప్పుడే, తెర మీద పేర్లు పడుతుండగానే పోతే బాగుండు, రోజూ పోయే కరెంటు ఇవాళొక్కరోజు ఎందుకింత బుద్ధిగా ఉందో, ట్రాన్స్‌ఫార్మర్ పేలినా చాలు, అని మొక్కుకుంటున్నాడు మహేందర్, తన మొదటి సినిమా మొదటి ఆట ఆగిపోవాలని మొక్కుకునే డైరెక్టర్ ఈ కోరుట్లలోనే కాదు ఎక్కడా ఉండడు, పక్క సీట్లో హీరో జలపతి ఇస్త్రీ నలగకుండా నిటారుగా కూర్చున్నాడు, అతనికి అటుపక్క వాళ్ళమ్మ లసుమవ్వ, బీడీలు చుట్టే పని ఇవాళ మానుకొని, కొడుకు పెళ్ళికని దాచుకున్న చీర ముందే కట్టేసుకొని, సిరిసిల్ల నుంచి పొద్దుటి బస్సుకు వచ్చింది, ఇంకా కథ మొదలవకముందే తెర వైపు చూపిస్తూ నా కొడుకేడిరా మయేందరూ అని అడుగుతోంది, అస్తడవ్వా, గిప్పుడే అస్తడు, అన్నాడు తను, కొడుకు వస్తాడు, నిజమే, కానీ కొడుకు గొంతు రాదు, ఆ సంగతి ఈ హాల్లో తనకొక్కడికే తెలుసు.

చెప్పాల్సింది, వాళ్ళు బస్సు దిగినప్పుడే చెప్పాల్సింది, కాదు, అంతకు ముందే, జగిత్యాల గదిలోనే చెప్పాల్సింది, ఆ గది, పెళ్ళికాని ముగ్గురు, ఒక స్టవ్వు, పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే తను, సెల్‌ఫోన్లు బాగుచేసే ప్రభాకర్, ఇవాళ గేటు దగ్గర టికెట్లు చించుతున్నదీ అతనే, ఇక సిరిసిల్లలో సాంచాల మీద కూలి గిట్టక బట్టల దుకాణంలో చేరిన జలపతి, ఆ మరమగ్గాల చప్పుడులో పెరిగిన గొంతు అతనిది, పక్కవాడితో మాట్లాడినా వీధి చివర వినిపిస్తుంది, పప్పుల ఉప్పేసినవా బే అని జలపతి అడిగితే, ఏసిండట, ఇగ తినుండ్రి, అని ఇంటి ఓనరు మేడ మీంచి జవాబిచ్చేవాడు, ఆ నవ్వుల్లోంచే పుట్టింది సినిమా, పెళ్ళికానివాళ్ళకు ఇల్లు ఇవ్వనంటే, ఒకడికి పెళ్ళైందని అబద్ధమాడి, లేని పెళ్ళాన్ని ఇవాళ పుట్టింటికి, రేపు దవాఖానకు పంపిస్తూ ఓనరు దగ్గర నెట్టుకొచ్చే ముగ్గురి కథ, కెమెరా పెళ్ళిళ్ళదే, లైట్లు పెళ్ళిళ్ళవే, మాటలు మాత్రం సగం జలపతివే, రాసిచ్చిన కాయితం పక్కన పడేసి నోటికొచ్చింది అనేవాడు, తను కెమెరా వెనక పెదవి కొరుక్కొని నవ్వు ఆపుకునేవాడు, ఆపుకోలేక ఎన్ని షాట్లు ఊగిపోయాయో.

అదిగో వచ్చాడు, భుజాన పరుపు చుట్ట మోసుకుంటూ తెర మీద జలపతి, హాల్లో ఈలలు, లసుమవ్వ రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది, తెర మీది జలపతి నోరు తెరిచాడు, ఏమండీ, ఇల్లు అద్దెకిస్తారని విన్నామండీ, మేం చాలా మర్యాదస్తులమండీ, నున్నటి గొంతు, హైదరాబాదులో ఏసీ గదిలో నిలబడి ఎవరో చెప్పి వెళ్ళిపోయిన గొంతు, ఈలలు ఆగిపోయాయి, ఆ వెంటనే హీరో పక్కన కామెడీ వేషంలో ప్రభాకర్, ఔ సార్, మా తాన మస్తు మర్యాదున్నది, అన్నాడు తన సొంత గొంతుతోనే, హాలంతా పగలబడి నవ్వింది, కోరుట్లవాళ్ళే, ఇంట్లో అచ్చం అట్లాగే మాట్లాడేవాళ్ళే, నవ్వించేవాడికి ఆ మాట ఉంచి, ప్రేమించేవాడికి తీసేసింది తనే, పక్కకు చూడాలంటే మెడ తిరగడం లేదు, నా కొడుకు నోట్లె గా గొంతెవనిదిరా, లసుమవ్వ అడుగుతోంది, ఇప్పుడు జలపతి ఏమంటాడు, లేచి నిలబడి తిడతాడా, తిడితే బాగుండు, నాదేనే అవ్వా, సిన్మాల గట్లనే ఇనవడ్తది, నువ్వు సప్పుడు జెయ్యక సూడు, అన్నాడు జలపతి, చిన్నగా, అతను అంత చిన్నగా మాట్లాడగలడని మహేందర్‌కు ఇన్నేళ్ళలో తెలియదు.

డబ్బింగు రోజుల్లో బస్సులు లేవని చెప్పాడు తను, అవును, అప్పుడు లేవు, సకల జనుల సమ్మె, బస్సులన్నీ డిపోల్లో, బడులకు తాళాలు, జగిత్యాల నడిరోడ్డు మీద వంటావార్పు, పొయ్యిల పొగ మధ్య మైకు పట్టుకొని జలపతి, సిన్మాలల్ల మన మాట దొంగోనికి వెడ్తరు, తాగువోతోనికి వెడ్తరు, గీ మా దోస్తు మహేందర్ హీరోకే వెట్టిండు, సూడుండ్రి మీరే, అంటూ తనవైపు చెయ్యి చూపించాడు, జనం చప్పట్లు కొట్టారు, తనూ పిడికిలెత్తి జై తెలంగాణ అన్నాడు, గొంతు బొంగురుపోయేదాకా అన్నాడు, అప్పటికే ఆ నున్నటి గొంతువాడిని డబ్బింగుకు మాట్లాడుకొని వచ్చాడు, డబ్బింగుకు నేను గూడ అస్తరా, అన్నాడు ఆ సాయంత్రం జలపతి, నువ్వెట్లస్తవ్, బస్సులు లేవు గదరా, షూటింగుల పట్టిన గొంతే సరిపోతదట, అన్నాడు తను, తెల్లారి ఒక్కడే కూరగాయల లారీ ఎక్కి హైదరాబాదు పోయాడు, జీతాలు వదులుకొని జనం ఆపిన బస్సులను తీసుకెళ్ళి తన అబద్ధానికి అడ్డం పెట్టుకున్నాడు, ఛీ, తన మొహం మండ, ఇంతకంటే సిగ్గుమాలిన పని ఇంకేముంటుంది.

లైట్లు వెలిగాయి, ఇంటర్వెల్, లసుమవ్వ సీట్లోనే ఉండిపోయింది, క్యాంటీను దగ్గర జలపతి రెండు చాయ్‌లు పట్టుకొచ్చి ఒకటి చేతికిచ్చాడు, కొట్టలేదు, తిట్టలేదు, గ్లాసులోకి చూస్తూ, సిన్మా కొన్నోడు అన్నడారా, నా గొంతు వద్దని, అని అడిగాడు, ఒక్క మాట చాలు, కాదురా, నేనే, అంటే చాలు, నాలుక మీదికి వచ్చింది కూడా, తల మాత్రం ఔనని ఊగింది, జలపతి ముఖం ఒక్కసారిగా తేటపడింది, గట్లనా, వాని నోట్ల మన్నువడ, గా మాట ముందుగాల జెప్పరాదు బే, నువ్వే జేసినవేమోనని నా పానమంత ఎట్లనో అయింది, అంటూ భుజం మీద చెయ్యేశాడు, క్యాంటీనంతా తిరిగి చూసే ఆ పెద్ద గొంతు మళ్ళీ వచ్చేసింది, నువ్వేం జేస్తవ్ తియ్, కొనేటోని మాట ఇనకుంటే సిన్మా బయటికొస్తదా, తెలంగాణ అచ్చినంక ఇంకోటి తీద్దాం, అప్పుడు ఎవన్నీ అడుగుడు లేదు, నా గొంతే పెడుదువు, పెడ్తవా, అని అడిగాడు, ఆఁ, పెడ్తరా, అన్నాడు మహేందర్.

మళ్ళీ చీకటి, మళ్ళీ ఆ నున్నటి గొంతు, వస్తుంది తెలంగాణ, ఇవాళ కాకపోతే రేపు వస్తుంది, ఇంతమంది రోడ్డు మీద కూర్చున్నాక రాకుండా ఎట్లా ఉంటుంది, వచ్చాక కొనేవాడు మారతాడా, ఏ కొనేవాడు, ఆ మనిషి సినిమా పూర్తిగా చూడనే లేదు, పోస్టరు చేతిలో పట్టుకొని ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు, హీరోకు వేరే మంచి వాయిస్ చెప్పిస్తామండీ, అని తనే అన్నాడు, అడగకముందే అన్నాడు, మంచి వాయిస్ అన్నాడు, మీ ఇష్టం, అని ఆయన మళ్ళీ ఫోనులో పడిపోయాడు, అంతే జరిగింది, తనకు జ్వరమొస్తే లేవురా, గింత జావ తాగు, అని వీధంతా లేపిన గొంతు, ఏ దిగులునైనా గదిలోంచి తరిమేసిన గొంతు, నాలుగు గోడల మధ్య ప్రాణం పెట్టి విన్న గొంతు, అదే గొంతు నలుగురి ముందు ఒక అమ్మాయితో నువ్వంటే పానం అంటే జనం నవ్వుతారేమోనని భయపడింది ఎవరు, తెర మీద జలపతి ఓనరు కూతురితో ఏదో చెబుతున్నాడు, లసుమవ్వ ముందుకు వంగి, మాటలు వినడం మానేసి, కొడుకు పెదాలనే చూస్తోంది, కొన్నవాడు అడగలేదు, హైదరాబాదు అడగలేదు, ఎవరూ వద్దనలేదు, జలపతి గొంతుకు మొట్టమొదట సిగ్గుపడింది మహేందరే.