నొప్పి లేని పుండు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. కోరుట్ల దగ్గరి ఒక ఊళ్లో కూలి చేసుకునే రాజక్క రోజూ అన్నం వండి, భర్త నర్సింగానికి సద్ది కట్టి, మక్కజొన్న చేనుకు పోయేది. కుడి పాదానికి పాత చీర పీలిక చుట్టి ఉండేది. చేనులో కోసిన మక్క కొయ్య గుచ్చుకున్న చోట పుండు పడింది. షుగరు వల్ల తన పాదాలకు స్పర్శ పోయిందని ఆమెకు తెలియదు. నొప్పి లేదు గనుక చిన్న పుండే అనుకుంది. పసుపు అద్ది, పీలిక మార్చేది. వాచిన పాదంతో అడుగు సరిగా పడక కుంటుతూ నడిచేది. ఇంటి ఆడమనిషి కుంటుతూ పని చేస్తుంటే మన కంటికి పనే కనబడుతుంది, కుంటు కనబడదు.

చివరకు చలిజ్వరంతో పడిపోయింది. బిడ్డ మంజుల పీలిక విప్పితే పాదం నల్లబడి ఉంది.

బస్సులు లేవు. ఆటోలో జగిత్యాలకు బయల్దేరారు. దారిలో రాస్తారోకో. రోడ్డు మీద కూర్చున్నవాళ్లు ఆ కాలు చూసి లేచారు, అడ్డం పెట్టిన ట్రాక్టరును తామే పక్కకు నెట్టారు. జగిత్యాల డాక్టరు అంబులెన్సు మాట్లాడి హైదరాబాదుకు పంపాడు.

అక్కడ చెడిన కండతో పాటు రెండు వేళ్లు తీసేశారు. మందులకు తోడుగా రోజూ ఆమెను గాజు గొట్టంలాంటి గదిలో పడుకోబెట్టి, ఎక్కువ ఒత్తిడితో ఆక్సిజన్ ఇచ్చారు.

"గిండ్ల ఊపిరాడుతదా బిడ్డా?" అని భయపడింది రాజక్క.

"మంచిగ ఆడుతదమ్మా. చెవులు దిబ్బడేస్తే ఉమ్మి మింగు," అంది నర్సు.

నెత్తురు సరిగా అందని కండకు ఆ ఆక్సిజన్ అందింది. పుండు మెల్లగా మానుముఖం పట్టింది. కాలు దక్కింది.

"బంద్ లేకుంటె వేళ్లు గూడ దక్కుతుండె," అన్నాడు నర్సింగం డాక్టరుతో.

"బంద్ ఏం జేసింది?" అంది రాజక్క. "వాళ్లు తొవ్వ ఇడిసిండ్రు. కోత అయ్యేదాక గదే కాలుతోని నేను తిరిగిన. ఏమైందని నువ్వు అడగలె, నేను జెప్పలె."

నర్సింగం కట్టు కట్టిన ఆమె పాదం వైపు వంగి చూశాడు.

"ఆ ఆక్సిజన్ యంత్రం మిగిలిన కాలును నిలబెట్టింది, పోయిన వేళ్లను తేలేదు," అన్నాడు డాక్టరు. "షుగరు ఉన్నవాళ్ల పాదం రోజూ చూడాలి."

ఇంటికి వచ్చాక నర్సింగం ప్రతి పొద్దున వాకిట్లో కూర్చుని, రాజక్క పాదాన్ని ఒళ్లో పెట్టుకుని చూసేవాడు. ఒకనాడు చావడి దగ్గర కూర్చున్న ఊరివాళ్లలో భూమన్న నవ్వాడు.

"ఏందిరా, పెండ్లాం కాళ్లు వట్టినవట?"

"వట్టిన," అన్నాడు నర్సింగం. "నవ్వితె నవ్వుండ్రి గని, ఇంటికి వోయి మీరు గూడ ఒక్కపారి మీ ఆడోళ్ల కాళ్లు చూడుండ్రి."