గోడ మీద లేని అంకెలు

ఇంజెక్షన్ చెయ్యాలని కళ్ల డాక్టరు చెప్పగానే అక్క అడిగిన మొదటి మాట, "కంట్లోనా?" అని.

డాక్టరమ్మ అవునంది.

"పక్కన ఎక్కడైనా కుదరదా?"

కుదరదని డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. ఎడమ కంటి వెనక పొరలో నీరు చేరుతోందనీ, ఆలస్యమైతే నడిమి చూపు పోతుందనీ, పోయింది తిరిగి రాదనీ కూడా చెప్పింది. ఇంటికొచ్చే దారిలో అక్క తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుని, "సూది కాకుండా ఇంకేదైనా చూడరా," అంది.

తమ్ముణ్ణి వీధిలో అందరూ రేడియో అంటారు. రేడియోలు బాగుచేసే దుకాణం అతనిది. ఇప్పుడు వచ్చేవన్నీ మిక్సీలూ ఫ్యాన్లే, పేరు మాత్రం అంటుకుపోయింది. బావ పోయినప్పటి నుంచి దుకాణం మూయగానే అక్క ఇంటికే వస్తున్నాడు. ఆ ఇంట్లోంచి ఇక ఏదీ పోకూడదని అతని పంతం.

వెతికి వెతికి ఒక మిషను తెచ్చాడు. కళ్ల మీద కట్టుకునే పట్టీ, అందులో రెండు తీగచుట్టలు. అవి అయస్కాంత శక్తిని ఆగి ఆగి పంపుతాయట, దాంతో కంటి నరాలు కోలుకుంటాయట. మిషనుతో వచ్చిన కాగితం మీద రాసింది అతను ఊరికే నమ్మలేదు. పట్టీ పక్కన పాత రేడియో పెట్టి, స్టేషన్ లేని చోట ముల్లు నిలిపాడు. టకటకమని వినిపించింది. శక్తి వస్తున్న మాట నిజమే. దానితో కంటికి పనుందో లేదో రేడియో చెప్పలేదు.

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "ఈ జబ్బుకి అది పనిచేస్తుందని ఆధారం లేదు. కట్టుకుంటానంటే మీ ఇష్టం, ఇంజెక్షన్ మాత్రం మానకండి," అంది.

"మానద్దంది, అంతే కదా. వాయిదా వెయ్యద్దనలేదుగా," అంది అక్క.

అతనికి మనసొప్పలేదు. "పరీక్ష పెడతాను. మెరుగు కనిపించకపోతే మాట్లాడకుండా ఆస్పత్రికి రావాలి," అన్నాడు. తెల్ల అట్ట మీద నల్లరంగుతో అంకెలు రాశాడు, పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. ఎదురు గోడకి తగిలించాడు. మొదటిసారి కుడికన్ను మూసుకుని చూస్తే అక్కకి రెండో వరస దాటలేదు.

"మిగతావేం రాశావురా?" అని అడిగింది. అతను చదివి వినిపించాడు.

అక్కడే పొరపాటు జరిగింది. అక్క ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో గడిచింది. ఒకసారి విన్న నంబరు రెండోసారి అడిగిన మనిషి కాదు.

రోజూ సాయంత్రం అక్క బావ కుర్చీలో కూచుని పట్టీ కట్టుకునేది. అతను స్టూలు మీద కూచుని వీధి కబుర్లు చెప్పేవాడు. ప్రతి ఆదివారం పరీక్ష. ప్రతి ఆదివారం అక్క ఒక వరస కిందికి దిగింది. ఇద్దరూ మురిసిపోయారు. ఆస్పత్రి వాయిదా మీద వాయిదా పడింది.

అట్ట మీద వరసలు అయిపోయాయి. ఇంకా చిన్న అంకెలతో కొత్తది రాద్దామని అతను పాతది తీసి వంటింట్లోకి పట్టుకెళ్లాడు. రాసి, రంగు ఆరాక, రెండు అట్టలూ పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి అక్క అప్పటికే కుడికంటి మీద అరచెయ్యి పెట్టుకుని ఉంది.

"ఏడు, రెండు, తొమ్మిది..." గోడకేసి చూస్తూ చివరి వరస దాకా ఎక్కడా తడబడకుండా చెప్పింది. "ఇవాళ ఇంకా తేటగా ఉందిరా."

గోడ మీద మేకు ఒక్కటే ఉంది.

అతను గుమ్మంలోనే ఆగాడు. "అక్కా, అట్ట నా చేతిలో ఉంది," అన్నాడు.

అక్క చెయ్యి తీసి మంచికంటితో మేకుని చూసింది. "నేను అబద్ధం చెప్పలేదురా. నిజంగా కనబడినట్టే ఉంది."

"తెలుసు. తప్పు నాది. నీకు వినిపించకుండా ఉండాల్సింది."

"నువ్వేం చేస్తావులే. రేడియోవి. వినిపించడమే గానీ చూపించడం నీకెక్కడ వచ్చు?"

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే స్టూలు లాక్కుని ఆవిడ మోకాళ్ల దగ్గర కూచున్నాడు.

"ముందు మత్తు చుక్కలు వేస్తారట అక్కా. పొడిచినట్టే తెలియదట."

"ఎవరికి, పొడిచేవాళ్లకా?"

"రేపు వెళ్దాం."

"వెళ్దాంలే," అంది అక్క. "ఆ మిషన్ మాత్రం పారెయ్యకు. అది కట్టుకుంటేనే నువ్వు ఇంతసేపు కుదురుగా కూచుంటావు."

"కట్టుకోకపోయినా కూచుంటాను."

మర్నాడు ఆస్పత్రిలో లోపలికి పిలిచారు. తలుపు దగ్గర అక్క ఆగిపోయింది. "ఒక నంబరు చెప్పరా. పొడుగుపాటిది. పట్టుకుని ఉంటాను."

అతను సంచిలోంచి కొత్త అట్ట తీసి, మొత్తం చదివాడు, ఒక్కసారే. అక్క తల ఊపి లోపలికి వెళ్లింది.

బయటికి వచ్చేటప్పుడు ఎడమకంటికి కట్టు ఉంది. వెనకే వచ్చిన డాక్టరమ్మ, "ఆలస్యం చేశారు. అయినా మించిపోలేదు, ఉన్న చూపు నిలబెట్టుకోవచ్చు. మళ్లీ రావాలి," అంది. అక్క బెంచీ మీద అతని పక్కన కూచుని కొత్త అట్ట మీది అంకెలన్నీ వరసగా అప్పజెప్పింది.

"చివరి వరసలో ఉండగా సూది అయిపోయిందన్నారు. ఇక ఈ అట్టా పనికిరాదురా."

"ఈసారి బొమ్మలు గీస్తాను."

"వద్దులే. నీ బొమ్మలు రెండు కళ్లున్నవాళ్లకే పోల్చడం కష్టం," అని లేచి, దారి చూపించమన్నట్టు చెయ్యి చాచింది.