తప్పు కటింగ్‌దా, కుట్టుదా

దుకాణం తలుపు తీసిన దగ్గర్నుంచి అన్నాచెల్లెళ్లకు ఒకటే గొడవ. కాలర్ నిటారుగా నిలబడకపోతే తప్పు కటింగ్‌దా, కుట్టుదా? కత్తిరించేది అన్న, కుట్టేది చెల్లెలు. పాతికేళ్లుగా ఇది తేలలేదు. తేలాలని ఇద్దరికీ లేదు.

చెల్లెలి మెడలో గడ్డ లేచి మాట పీలగా మారాక, పోట్లాడే పని గడ్డ తీసుకుంది. ఆమె పాత గొంతుతోనే, రెట్టింపు నోటితో. "గుడ్డివాడా, గుడ్డ వంకరగా కోశావు!" అని అరిచేది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లు చెల్లెలికి కొలతలు చెప్పి, గడ్డకు జవాబు చెప్పి పోయేవారు.

ఆసుపత్రిలో సర్జనమ్మ మొహమాటపడలేదు. "థైరాయిడ్ క్యాన్సర్లలో ఇది మహా దుర్మార్గపు రకం. శ్వాసనాళాన్ని చుట్టేసుకుంది, కత్తి పెట్టే చోటు లేదు. పరీక్షలో దీని జన్యువులో ఒక లోపం దొరికింది, దానికి సరిపడే మాత్రలున్నాయి. ముందు మాత్రలతో కుదించి, తర్వాత కోసేద్దాం."

"ముందు నిన్ను కోస్తా," అంది గడ్డ.

"నీ వంతు వస్తుందిలే," అంది సర్జనమ్మ చీటీ రాస్తూ.

మొదటి వారం చెల్లెలికి చలిజ్వరం. గడ్డ తిట్టిపోసింది. రెండో వారం మాత్రలు పారేయమని బతిమాలింది. నెల తిరిగేసరికి నోరు మూసుకుంది. రెండో నెలకు మెడ తడిమితే ఏమీ తగల్లేదు.

"స్కాన్‌లో చిన్న మచ్చ మిగిలింది. చచ్చిందో బతికుందో స్కాన్ చెప్పలేదు. ఇప్పుడే తీసేయాలి. ఆగితే మందుకు అలవాటుపడి మళ్లీ లేస్తుంది," అంది సర్జనమ్మ.

"పోయింది కదండీ! ఇంకా కోత దేనికి? నేను రాను," అంది చెల్లెలు. ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చుంది.

అన్నకు ఒళ్లు మండింది. గడ్డ మౌనం ఎలాంటిదో అతనికి తెలుసు. చిన్నప్పుడు చెల్లెలు నోరు మూసుకుందంటే ఏదో కొంప ముంచబోతున్నట్టే. ఇన్నాళ్లు ఆమె గొంతులో కాపురమున్నదానికి ఆ బుద్ధి అంటకుండా ఉంటుందా? ఆమె అప్పుడే కుట్టిన చొక్కా కాలర్ పట్టుకుని లాగాడు.

"ఇదీ ఒక కుట్టేనా? గోనెసంచి మూతి నయం! మొదట్నుంచీ తప్పు కుట్టుదే. నీకు పని రాదని ఊరందరికీ తెలుసు!"

చెల్లెలు తల వంచి మిషన్ తొక్కుతూనే ఉంది. ఆమె మెడ ఎడమ పక్క నుంచి మాత్రం దోమంత గొంతు కస్సుమంది.

"కటింగ్‌దిరా సన్నాసీ!"

మిషన్ ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బతికే ఉంది," అన్నాడు అన్న.

చెల్లెలు లేచి చెప్పులు వేసుకుంది.

ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. శ్వాసనాళాన్ని వదిలి ఎడమ పక్కన నక్కిన వేరుశనగ గింజంత గడ్డను సర్జనమ్మ చుట్టుపక్కలతో సహా తీసేసింది. చివరిదాకా అది తిడుతూనే ఉందట. చెల్లెలి గొంతు తిరిగొస్తుందో లేదో చెప్పలేనంది సర్జనమ్మ.

నాలుగు రోజులు చెల్లెలు పెదవి విప్పలేదు. పోట్లాడే మనిషి లేక అన్నకు తిండి సయించలేదు. ఐదో రోజు ఆమె మెడకున్న కట్టు సర్దుకుని, అతని చొక్కా కాలర్ వంక ఎగాదిగా చూసింది. బొంగురుగా, తన సొంత గొంతుతో అంది.

"కటింగ్‌దే."

కుట్టుదే అనబోయాడు అన్న. ఏడుపు అడ్డొచ్చింది.