ధాన్యం కాటా మీద ఇంటిబండి

యివాన్ కోర్బే మీద ఫాబియన్‌కు ఉన్న కోపం ఈనాటిది కాదు. తన పెళ్ళివిందులో పెళ్ళికొడుకు మాట్లాడవలసిన నాలుగు ముక్కలూ వాడే లేచి మాట్లాడేసి కూర్చున్న రోజునుంచీ ఉంది. భార్య సొలాంజ్‌కు అన్న గనక ఇన్నేళ్ళూ భరించాడు. ఈ చలికాలం చేసింది మాత్రం మింగుడుపడేది కాదు. ముప్పయ్యేళ్ళు ఇళ్ళ కప్పులెక్కి పెంకులు వేసి, రెండు మోకాళ్ళూ అరగదీసుకుని ఫాబియన్ కొనుక్కున్న, మంచాలూ వంటపొయ్యీ లోపలే ఉండే ఇంటిబండిని, అందులో తిరగబోయే దేశంతో సహా, యివాన్ తన ఖాతాలో వేసుకున్నాడు.

ఫాబియన్ మనసులో దారి ఎప్పుడో సిద్ధమైపోయింది. ఏప్రిల్ చివర తమ ఊరు ఇసూదన్‌లో బయల్దేరి, పడమటి తీరం చేరి, సముద్రం పక్కనే దక్షిణానికి దిగి, పైరినీస్ కొండల అంచున తూర్పుకు మళ్ళి, ఎండలు ముదిరేలోగా ఆల్ప్స్ ఎక్కి, ద్రాక్షకోతల వేళకు ఇల్లు చేరడం. టోలు కట్టే రోడ్డు ఎక్కకూడదు. రాత్రికి ఏ ద్రాక్షతోట రైతు వాకిట్లోనో బండి ఆపుకుని, మర్యాదకు రెండు సీసాల వైను కొని, అక్కడే పడుకోవాలి. పక్కన సొలాంజ్ ఉండాలి. అంతకుమించి వాడికి కోరికల్లేవు.

యివాన్ లిసేలో, అంటే పెద్ద తరగతుల బడిలో, భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం భోజనానికి వచ్చి, కోడికూర గిన్నె పక్కకు జరిపి, బల్లమీద ఫ్రాన్స్ పటం పరిచాడు. మొదటి ఆదివారం "మీరు ఇలా వెళ్ళాలి" అన్నాడు. రెండో ఆదివారానికి అది "మనం ఇలా వెళ్దాం" అయింది. మూడో ఆదివారం వాడి భార్య కొలెత్, తనకు నడుం నొప్పి గనక వెనకవైపు పెద్ద మంచం తమకు కావాలంది. బండి సొంతదార్లకు మిగిలింది డ్రైవరు సీటు పైన ఉండే అటక మంచం. దానికి నిచ్చెన ఎక్కాలి. నిచ్చెనలు ఎక్కి ఎక్కి మోకాళ్ళు పోగొట్టుకున్నవాడికి రిటైరయ్యాక దొరికిన బహుమానం అది.

ఫాబియన్ సొలాంజ్ వైపు చూశాడు. ఆమె నవ్వుతూ జున్ను పళ్ళెం అందిస్తోంది. అన్న వస్తున్నాడని సంబరపడుతోంది కాబోలు అనుకుని నోరు మూసుకున్నాడు.

రైతుల వాకిళ్ళ సంగతి ఎత్తితే యివాన్ వినలేదు. "పేడ వాసనలో పడుకోవడానికి మనకేం ఖర్మ బావా?" అన్నాడు. ఈతకొలను, కరెంటు ప్లగ్గు ఉన్న క్యాంపింగుల్లోనే, అంటే డబ్బుకు బండి ఆపుకోనిచ్చే విడిదుల్లోనే, చోటుకు ముందుగా బయానా కట్టాలన్నాడు. బండి ఎవరిదో వాళ్ళ పేరునే కట్టాలట గనక బ్యాంకు కార్డు ఫాబియన్‌దే ఇమ్మన్నాడు, ఫాబియన్ ఇచ్చాడు. కట్టిన బయానా వెనక్కి రాదని రసీదు కింద చిన్న అక్షరాల్లో ఉంది. అంత చదువుకున్నవాడికి ఆ అక్షరాలు మాత్రం ఆనలేదు.

ప్రయాణానికి ముందురోజు పొద్దున యివాన్ సామాను దింపాడు. రెండు బ్యాటరీ సైకిళ్ళు, వాటిని వెనక తగిలించే ఇనప చట్రం, గుడారమంత పందిరి, రెండు సూట్‌కేసులు. అన్నీ ఎక్కించాక బండి వెనక చక్రాల మీద కుంగి కూర్చుంది. దాని వాలకం చూసిన ఫాబియన్, కాటా వేయించకుండా కదిలేది లేదన్నాడు. మనం రాళ్ళేమన్నా ఎత్తామా అని యివాన్ వెటకారమాడాడు. మామూలు లైసెన్సుకు మూడున్నర టన్నులు హద్దు. అది దాటి రోడ్డెక్కితే పోలీసులు ఆపి, జరిమానా రాసి, దారిపక్కనే సామాను దింపిస్తారు.

రైతుల సహకార సంఘం గోధుమ ట్రాక్టర్లను తూచే కాటా ఊరి చివర ఉంది. దూరం వెళ్ళే ఇంటిబండ్లను కోతలు లేని రోజుల్లో అక్కడే తూయించుకుంటారు. మనుషుల బరువు కూడా లెక్కే గనక నలుగురూ ఎక్కి కూర్చున్నారు. ఫాబియన్ బండిని ఇనప పలక మీదికి ఎక్కించి, ఇంజను ఆపాడు. కాటా గది గోడమీద ఎర్ర అంకెలు ఊగి ఊగి నిలిచాయి. మూడు వేల ఏడువందల ఎనభై కిలోలు.

ముందు తేరుకున్నది యివానే. తొట్టిలో నీళ్ళు వదిలేయమన్నాడు. నీళ్ళు మొత్తం పోయినా వంద కిలోలే తగ్గుతుంది, ఇంకా నూట ఎనభై ఎక్కడినుంచి తెస్తావని సొలాంజ్ అడిగింది. వాడు వెనక్కి తిరిగి బండంతా పారచూశాడు. చూపు ఫాబియన్ పనిముట్ల పెట్టె మీద ఆగింది.

"ఇది దేనికి బావా? పోయేచోటల్లా కప్పులు వేస్తావా?"

ముప్పయ్యేళ్ళ కోపం ఒక్కసారిగా ఫాబియన్ గొంతులోకొచ్చింది. వాడు నోరు తెరిచేలోగా సొలాంజ్ తలుపు తీసింది.

"అన్నయ్యా, నువ్వూ వదినా ఒకసారి దిగండి. సైకిళ్ళూ, పందిరీ, మీ సంచులూ కూడా దింపండి. ఊరికే చూద్దాం."

దింపడానికి చాలాసేపు పట్టింది. యివాన్ గొణుగుతూనే ఉన్నాడు. అంకెలు మళ్ళీ ఊగాయి. మూడు వేల నాలుగువందల తొంభై. నీళ్ళు ఉన్నాయి, పనిముట్ల పెట్టె ఉంది, ఇంకా పదికిలోల వెసులుబాటూ ఉంది.

యివాన్ కింద నిలబడే కొత్త ఉపాయం చెప్పాడు. తనూ కొలెతూ కారులో వెనకే వస్తారట, క్యాంపింగుల్లో గది తీసుకుంటారట, పగలంతా నలుగురూ కలిసే ఉండొచ్చట. సొలాంజ్ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"నీ కారు నీది, నీ దారి నీది అన్నయ్యా. మేం ఎటు వెళ్తామో ఇంకా అనుకోలేదు."

వాడు చేతిలోని పటం మడిచేశాడు. అందరికంటే ముందు నవ్వింది కొలెత్. తనకు అసలు చక్రాల మీద నిద్రే పట్టదని, ఆ మాట చెబితే మొగుడు చిన్నబుచ్చుకుంటాడని నెలలుగా లోపలే దాచుకున్నానని చెప్పింది. వాళ్ళ అల్లుడికి ఫోను చేసి, తమకూ సామానుకూ వ్యాను తెమ్మంది.

తిరుగుదారిలో సొలాంజ్ అసలు సంగతి బయటపెట్టింది.

"నీ మోకాళ్ళకి సాయం ఉంటుందని ఊరుకున్నాను. మధ్యమధ్యలో వాడు బండి నడుపుతాడు కదా అని."

"నేను నీ కోసం ఊరుకున్నాను. అన్న వస్తే నీకు బాగుంటుందని."

"నాకా! చిన్నప్పుడు వాడితో ఒకే గదిలో పడుకున్నది చాలదా?"

ఫాబియన్ బండిని గట్టు పక్కన ఆపేశాడు. నవ్వాగితేగానీ నడపలేడు. చొక్కా గుండీ ఒకటి తీసుకున్నాడు. ఆరు నెలలుగా వీపుమీద మోస్తున్న పెంకుల మోపు ఎవరో వెనకనుంచి దించినట్టుంది. పెద్ద మంచం మళ్ళీ తమదే. రేపు మొదటి రాత్రి ఎక్కడ అని సొలాంజ్ అడిగితే, సాయంత్రానికి ఎక్కడ ఆకలేస్తే అక్కడ అన్నాడు.

ఇంటికెళ్ళాక క్యాంపింగుల వాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోను చేశాడు. అందరూ మర్యాదగానే మాట్లాడారు, బయానా మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు. సగం నువ్వు భరించు అని యివాన్‌ను అడిగితే, కట్టింది నీ పేరునే కదా బావా అన్నాడు. అంతకు ముందురోజైతే ఆ మాటకు ఫాబియన్ వారం రోజులు కుళ్ళి ఉండేవాడు. ఇప్పుడు ఫోను పెట్టేసి, రెండు వైను సీసాలు తెచ్చి ఆ పదికిలోల చోటులో సర్దాడు. పోయింది పదహారువందల నలభై యూరోలు.