లోతుగా కోయని ముక్క

ఆ ప్రభుత్వ వ్యాధి నిర్ధారణ కేంద్రంలో ఆమె ఇరవై ఏళ్ళుగా ల్యాబ్ టెక్నీషియను. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలను మైనపు దిమ్మల్లో బిగించి, ఉల్లిపొర కంటే పలచగా కోయడం ఆమె పని. ఆ ఏడు అక్కడొక పరిశోధన మొదలుపెట్టారు. మామూలు పుండేనని రిపోర్టు వెళ్ళాక, కడుపు కాన్సరుతో పోయినవాళ్ళ పాత దిమ్మలను మళ్ళీ కోసి చూడాలి. వాటి మీద పేర్లుండవు, అంకెలే. నలభయ్యో దిమ్మ చేతికొచ్చింది. ఆ అంకె ఆమెకు కంఠతా వచ్చు. అది అక్కది.

పన్నెండేళ్ళ కిందట అక్క కడుపులోంచి తీసిన ముక్క ఉన్న సీసాను బావ తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాడు. రిపోర్టు వచ్చిన ఎనిమిది నెలలకు అక్క పోయింది. "ఇంకో డాక్టరుకి చూపించకుండా నా బిడ్డను పొట్టన పెట్టుకున్నాడు" అని అమ్మ ఏడిస్తే తనూ తలూపింది. ఆ తర్వాత ఆమె మళ్ళీ బావ గడప తొక్కలేదు.

అది అక్కదని ఎవరికీ చెప్పకుండా దిమ్మను కోసి ఇచ్చింది. పెద్ద డాక్టరు మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు.

"పైపొరల్లో ఏమీ లేదమ్మా. లోపల మాత్రం స్పష్టంగా ఉంది. అప్పుడే ఇంకాస్త లోతుగా కోసుంటే దొరికేది."

"అప్పుడు కోసింది నేనే సార్. అది మా అక్కది."

ఆయన కళ్ళజోడు తీసేశారు. "ఇంకో ముక్క కొయ్యమని అడక్కుండా సంతకం పెట్టింది నేనమ్మా."

ఆ మాట ఆమెకు ఊరట కాలేదు.

మర్నాడు సెలవు పెట్టి బావ టైలరింగ్ షాపుకి వెళ్ళింది. "ఏం మరదలా, దారి తప్పొచ్చావా?" అన్నాడతను మిషను ఆపకుండానే. ఆమె నిలబడే అంతా చెప్పేసింది. మిషను ఆగింది.

"మీ అక్క నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే, 'ఏమీ లేదని రాశారుగా, నాటకాలాడకు' అన్నాను. కాగితాన్ని నమ్మాను గానీ దాన్ని నమ్మలేదు."

"తప్పు నాది బావా."

"నీది నువ్వు మొయ్యి. నాది నాకుంది. మీ అమ్మకి మాత్రం చెప్పు."

చెప్పింది. "ఇప్పుడు నేనెవర్ని తిట్టుకోనే?" అని అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు.

పరిశోధన ముగిసేసరికి తొమ్మిది దిమ్మల్లో అలాగే జబ్బు బయటపడింది. ఇకపై ప్రతి దిమ్మనూ మూడు లోతుల్లో కోయాలని నియమం పెట్టారు. మిగతా ఎనిమిది ఇళ్ళకూ వెళ్ళి నిజం చెప్పేదెవరని పెద్ద డాక్టరు అడిగితే అందరూ తలలు దించుకున్నారు. ఆమె చెయ్యెత్తింది.