వెనక బండి

షెడ్డులోంచి సైకిళ్ళు ఒక్కొక్కటే బయటికి తీసి, చక్రాలను బొటనవేలితో నొక్కి చూసుకుంటూ వస్తున్నాడు మాస్టారు. గాలి తగ్గిన దాన్ని గోడవారకు చేర్చాడు. మిగతావాటి బ్రేకులు పట్టి ముందుకు తోసి చూశాడు. ఆ తర్వాత గంట. గంట కొట్టేటప్పుడు మాత్రం వంగి, ఎడమ చెవిని హ్యాండిల్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎవరైనా చూశారేమోనని గుమ్మం కేసి ఒకసారి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. నడుము పట్టేసినవాడిలా వీపు రుద్దుకుంటూ లేచాడు.

ఈ నటన ఈ మధ్యే నేర్చుకున్నాడు. కుడి చెవి పూర్తిగా మూసుకుపోయింది. ఎడమది ఉందంటే ఉంది, లేదంటే లేదు.

ఇంట్లో ఆవిడకు ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. పిలిస్తే పలక్కపోవడం మగవాళ్ళందరికీ ఉండే జబ్బేననుకుని, పెళ్ళయిన నాటి నుంచీ చేస్తున్నట్టే రెండోసారి గొంతు పెంచి పిలిచేది. మొన్నామధ్య ఆయన వీపు వెనకే స్టీలు పళ్ళెం జారిపడి గిరగిరా తిరిగింది. పక్కింటావిడ కూడా ఏమైందంటూ తొంగిచూసింది. ఈయన మాత్రం పేపరు మడత మార్చి తాపీగా చదువుకుంటూనే ఉన్నాడు. అప్పుడావిడ ఎదురుగా వచ్చి కూర్చుని, కళ్ళు తుడుచుకుని, ఆఫీసులో చెప్పెయ్యమంది. చెబుతాలే అన్నాడు. ఇవాళ పొద్దున గుమ్మం దాటుతుంటే మళ్ళీ అడిగింది. ఆ మాట మాత్రం ఆయనకు బాగానే వినిపించింది. వినపడనట్టు వెళ్ళిపోయాడు.

చెప్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. చెవులే ఆయన ఉద్యోగం.

ఆ సైకిలు శిక్షణ కేంద్రానికి వచ్చేవాళ్ళందరూ పెద్దవాళ్ళు. సైకిలు మీద నిలదొక్కుకోవడం వచ్చుగానీ రోడ్డు చూస్తే బెదిరి ఫుట్‌పాత్ ఎక్కేసేవాళ్ళు. అక్కడ నడిచే మనుషుల్ని గుద్దుతారు. ఇళ్ళ గేట్లలోంచి వెనక్కి వచ్చే కార్ల కింద పడబోతారు. మొదటి రోజు మాస్టారు అందరికీ ఒకటే చెబుతాడు. కనపడే చోట తొక్కండి, కనపడకపోతే బండివాడు మాత్రం ఎలా ఆగుతాడు అని. అందరూ తల ఊపుతారు. రోడ్డెక్కగానే అంచుకు అతుక్కుపోతారు.

వాళ్ళతో ఇంకో చిక్కుంది. కొత్తవాడు తల వెనక్కి తిప్పితే, తలతో పాటు హ్యాండిలూ తిరుగుతుంది. బండి వస్తోందేమోనని చూడబోయి, బండి కిందికే పోతాడు. అందుకని మొదటి రోజుల్లో ఎవర్నీ వెనక్కి చూడనివ్వరు. మాస్టారే వరుసకు చివర, కాస్త రోడ్డు నడుమకు తొక్కుతూ ఉంటాడు. వెనక చప్పుడు వినగానే "వెనక బండి" అంటాడు. ఆ మాట వింటే తిన్నగా పోవాలి, పక్కకు జరగకూడదు. మాస్టారు నోరు మెదపలేదంటే దారి ఖాళీ. అప్పుడు ఆగి ఉన్న వాహనాన్ని చుట్టి పోవచ్చు.

ఎన్నో ఏళ్ళుగా జనం ఆయన చెవులను అలా అరువు తీసుకుంటున్నారు. అంతకు ముందు ఆయన తండ్రి పెట్టిన అద్దె సైకిళ్ళ కొట్టులో పంక్చర్లు వేశాడు. అద్దెకు తీసుకునేవాళ్ళు కరువై కొట్టు మూతపడితే, ఒక గోదాము గేటు దగ్గర కాపలా కూర్చున్నాడు. అక్కడ ఆయన్ని "ఏయ్" అని పిలిచేవాళ్ళు. ఈ కేంద్రానికి వచ్చాకే మాస్టారయ్యాడు. సొంత బావమరిది కూడా ఇప్పుడు మాస్టారనే అంటాడు. నెత్తిన కిరీటం పెట్టినా ఆయనకు అంత తృప్తి ఉండేది కాదు. ఆ పిలుపు పోతుందంటే ప్రాణం విలవిల్లాడుతోంది.

ఇవాళ ఇద్దరే వచ్చారు. ఒకతను దర్జీ. బక్కపలచగా ఉంటాడు, వంకరగా తొక్కుతాడు, తప్పంతా సైకిలు మీదికి తోసేస్తాడు. రెండో ఆవిడ ఆసుపత్రిలో ఆయా. బస్సులు మొదలుకాక ముందే ఆమె డ్యూటీ ఎక్కాలి. ఫుట్‌పాత్ మీద పోతూ పోతూ, మందుల షాపులోంచి బయటికొచ్చిన ఒక ముసలావిణ్ణి గుద్దింది. ముసలావిడ మణికట్టు విరిగింది. అప్పటి నుంచీ మనుషులు కనపడితే చాలు దిగి, సైకిలు తోసుకుంటూ పోతోంది. రోజూ ఆలస్యమే. ఇంకోసారి ఆలస్యమైతే రావద్దని హెడ్ నర్సు చెప్పేసింది. ఈ రోడ్డు అలవాటు కాకపోతే ఆమె ఉద్యోగం లేదు.

పెద్ద రోడ్డు ఎక్కారు. ముందు ఆయా, మధ్యలో దర్జీ, చివర మాస్టారు. చెవి చేయలేని పనిని మెడతో చేయిస్తున్నాడాయన. క్షణానికోసారి వెనక్కి చూస్తున్నాడు. రెండుసార్లు సరిగ్గానే చెప్పాడు. వాళ్ళు తిన్నగా పోయారు, బండ్లు దాటిపోయాయి. ఫరవాలేదు, ఇలా లాక్కురావచ్చు అనుకున్నాడు.

అంతలో దర్జీ సైకిలు మ్యాన్‌హోల్ మూత మీద తూలింది. అతను పడతాడేమోనని మాస్టారు చూపు ముందుకు పోయింది, అక్కడే ఉండిపోయింది. ఆయా ముందర రోడ్డువారగా ఒక వ్యాను ఆగి ఉంది. ఆమె ఆగలేదు. వెనక నుంచి ఏ మాటా రాలేదు కాబట్టి, నేర్పినట్టే వ్యానును చుట్టడానికి బయటికి జరిగింది.

లారీ వచ్చిన సంగతి మాస్టారుకు మెడ మీద తగిలిన వేడిగాలి వల్ల తెలిసింది. పక్కనుంచి సిమెంటు బస్తాల గోడ ఒకటి దూసుకుపోయింది. ఆయా లోపలికి తిప్పి వ్యాను తలుపును గుద్దుకుని, సైకిలుతో సహా దాని పక్కకు కూలిపోయింది.

చావలేదు. మోచెయ్యి దోక్కుపోయింది, చెప్పు తెగింది. లారీ కాస్త దూరంలో ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి ఆమెను నానా మాటలూ అని వెళ్ళిపోయాడు. దర్జీ కూడా తన వంతు మందలించాడు, అలా అడ్డం వస్తే ఎలాగని. ఆయా కొంగుతో మోచెయ్యి అదుముకుంటూ మాస్టారు కేసి చూసింది.

"నాదే తప్పు మాస్టారూ. మీరు చెప్పే ఉంటారు, నా గాభరాలో నాకే వినపడలేదు. ఈ రోడ్డు నా వల్ల కాదు. ఫుట్‌పాత్ మీదే పోతాను."

ఊరుకుంటే గండం గడిచిపోతుంది. తప్పు తన మీద వేసుకున్నది ఆమే. రేపటి నుంచి ఆమె రాదు, ఎవరూ అడగరు, తను మాస్టారుగానే ఉంటాడు. ఆమె తెగిన చెప్పును కాలికి ఎలాగో తగిలించుకోబోతోంది. ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది.

"నీ తప్పేం లేదమ్మా," అన్నాడు. "నేనసలు చెప్పలేదు. లారీ చప్పుడు నాకు వినపడలేదు. నా చెవులు పోయాయి."

ఆమెకు అర్థం కావడానికి క్షణం పట్టింది.

"ఎప్పట్నించి?"

"చాన్నాళ్ళయింది."

"తెలిసే తీసుకొచ్చారా మమ్మల్ని?" ఆమె గొంతు పెరగలేదు. పెదవులు చూసి ఆయన ప్రతి మాటా పోల్చుకున్నాడు. "నాకిద్దరు పిల్లలున్నారు మాస్టారూ."

దర్జీ మొదటిసారి సైకిలును తిట్టడం మాని, దాన్ని పట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

కొంతసేపటికి మాస్టారు పక్క సందు చూపించాడు. ఒక్క పాఠం మిగిలిందనీ, అది వస్తే ఎవరి చెవులూ అక్కర్లేదనీ, అది చెప్పకుండా తను ఇంటికి పోలేననీ అన్నాడు. ఆయా వెంటనే కదల్లేదు. రేపటి డ్యూటీ గుర్తొచ్చిందో ఏమో, సైకిలు లేపింది.

సందులో బండ్లు లేవు. ఆమెను ముందుకు పోనిచ్చి, ఆయన వెనక నిలబడి చెయ్యి ఎత్తాడు. ఆమె గడ్డం భుజానికి ఆనేలా తల తిప్పి చూసి, ఆయన ఎన్ని వేళ్ళు చూపిస్తున్నాడో చెప్పాలి. హ్యాండిల్ మాత్రం కదలకూడదు. ఎప్పుడూ నేర్పేది ఇలాగే. అయితే ఎప్పుడూ వాళ్ళు అంకె అరిచి చెప్పేవాళ్ళు. ఆయా అరిచింది. ఆయనకు చేరలేదు. మళ్ళీ అరిచింది. చివరికి విసిగిపోయి, హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీసి అన్ని వేళ్ళూ పైకెత్తి చూపించింది.

సైకిలు తిన్నగానే పోతోంది. తల వెనక్కి ఉంది, ఒక చెయ్యి గాలిలో ఉంది, చక్రం మాత్రం గీత గీసినట్టు పోతోంది. తను ఏం చేసిందో ఆమెకింకా తెలియలేదు. మాస్టారు వేళ్ళు మార్చాడు. ఆమె కూడా మార్చింది. సందు చివరి దాకా అలాగే వెళ్ళి, కాలు ఆన్చి, తన చెయ్యి తనే చూసుకుంది.

తిరుగు ప్రయాణంలో ఆయనే ముందు తొక్కాడు. చివర ఆయా. "వెనక బండి" అని ఆమె అన్న మాట దర్జీ అందుకుని, గొంతు చించుకుని మాస్టారుకు చేరవేశాడు. ఎవరో చెబితే వినడం ఆయనకు కొత్త. కళ్ళు చెమర్చాయి, గాలికే అనుకున్నాడు.

కేంద్రం చేరాక ఆయా సైకిలు దిగలేదు. మీ మీద ఫిర్యాదు చెయ్యను, మీరే చెప్పుకోండి అంది. ఇంకా కోపంగానే ఉంది. గేటు దాటి, ఫుట్‌పాత్ వదిలి, రోడ్డు మీదికి తిప్పింది. తిప్పే ముందు వెనక్కి చూసుకుంది.

మాస్టారు సూపర్‌వైజరు గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, ఉన్నదున్నట్టు చెప్పాడు. సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. షెడ్డులో గాలి కొట్టే పని ఇస్తానన్నాడు, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మాస్టారు ఇంట్లో అడిగి చెబుతానని షెడ్డు తాళాలు బల్ల మీద పెట్టాడు. తాళాలు ఎందుకని సూపర్‌వైజరూ అడగలేదు.

మాస్టారు ఆవరణ దాటుతుండగా సూపర్‌వైజరు చూపు కిటికీ కింది బెంచీ మీద పడింది. అన్నం డబ్బా మరచిపోయి వెళ్తున్నాడు. డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చి "మాస్టారూ" అని పిలిచాడు. గట్టిగా మళ్ళీ పిలిచాడు. తలొంచుకుని నడిచిపోతున్న ఆ మనిషి తన పిలుపు తను వినకుండానే గేటు మలుపు తిరిగిపోయాడు. సూపర్‌వైజరు లోపలికి వచ్చి డబ్బాను తాళాల పక్కన పెట్టాడు. దాని మూత సరిగ్గా పడలేదు, లోపల చెంచా ఒకటి గలగలమంది.